హైవే 25 పక్కన కాండార్ కోసం: ఆరు ప్రయాణాలు, 1083 మైళ్ళు

కాలిఫోర్నియాలో శాన్ బెనిటో కౌంటీ అంటే చాలావరకు పశువులు మేసే రాంచ్‌ల భూమి. హోలిస్టర్ నుంచి హైవే 25 మీద దక్షిణంగా దిగితే ట్రెస్ పినోస్, పైసీనెస్, ఆ తర్వాత పినాకిల్స్ నేషనల్ పార్క్. రోడ్డుకు రెండు పక్కలా ముళ్ల కంచె, కంచె వెనక గడ్డి కొండలు, ఓక్ చెట్లు, నల్ల ఆవులు. ఈ కొండల మీద కాలిఫోర్నియా కాండార్లు అనే రాబందులు తిరుగుతాయి. నీటి పక్షులను పక్కన పెడితే, ఉత్తర అమెరికాలో అంతకంటే పెద్ద రెక్కల పక్షి లేదు. విప్పితే తొమ్మిదిన్నర అడుగులు. 1982లో లోకం మొత్తం మీద 22 మిగిలాయి. 1987 ఏప్రిల్‌లో ఆరుబయట ఉన్న చివరిదాన్ని కూడా పట్టుకుని, అన్నిటినీ జూల్లో పెట్టి పిల్లలు చేయించారు. 1992 నుంచి మళ్ళీ వదలడం మొదలైంది, పినాకిల్స్‌లో 2003లో. ఇప్పుడు 500 దాటాయి, అందులో సగానికి పైగా బయటే ఉన్నాయి.

నేను శాన్ హోసేలో ఉంటాను. వెళ్ళగానే కనిపిస్తుందనుకున్నాను. మూడు ప్రయాణాలు సున్నా. ఎందుకు సున్నా అయిందో, ఏం మార్చాక కనిపించిందో రాసి పెడుతున్నాను.

సరంజామా (మొదట్లో)

1. 8×42 బైనాక్యులర్స్. పాతవి, ఎడమ కంటి వైపు కొంచెం బూజు.
2. ఫోన్ కెమెరా.
3. పక్షుల పుస్తకం ఒకటి. కారులోంచి దిగనే లేదు.
4. మా బావమరిది. చూపు చురుకు, ఓపిక తక్కువ.

మొదటి ప్రయాణం: సెప్టెంబరు చివరి శనివారం

పొద్దున ఏడుకు బయల్దేరాం. చేసిన పని ఏమిటంటే రోడ్డు వెంబడి నెమ్మదిగా పోతూ, ఏదైనా పెద్దది ఎగురుతుంటే ఆపి చూడడం. మధ్యాహ్నానికి కారు థర్మామీటరు 99 ఫారెన్‌హీట్ చూపించింది. నోట్‌బుక్‌లో 'కాండార్' అని నాలుగు చోట్ల రాశాను. ఇంటికొచ్చి ఫోటోలు పెద్దవి చేసి చూస్తే నాలుగూ టర్కీ వల్చర్లు.

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఇదే. టర్కీ వల్చర్ కూడా రాబందే. రెక్కలు ఆరడుగుల దాకా ఉంటాయి, ఈ కొండల్లో గంటకు పాతిక కనిపిస్తాయి. ఖాళీ ఆకాశంలో పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు ఆరడుగులదీ తొమ్మిదడుగులదీ ఒకేలా ఉంటాయి. దగ్గరగా ఎగిరే చిన్నది, దూరంగా ఎగిరే పెద్దది... కంటికి తేడా తెలీదు. 'పెద్దగా ఉంది' అన్న మాట నోట్‌బుక్‌లో ఇక రాయకూడదని ఆ రాత్రి నిర్ణయించుకున్నాను.

లెక్క: 188 మైళ్ళు. చూసిన సమయం 5 గంటల 15 నిమిషాలు. కాండార్లు 0 (రాసి కొట్టేసినవి 4).

రెండో ప్రయాణం: అక్టోబరు మధ్యలో

పరిమాణం పనికిరాదని తేలింది కాబట్టి ఈసారి స్టాప్‌వాచ్ తెచ్చాను. కాండార్ సంగతి తర్వాత, ముందు టర్కీ వల్చర్‌ను నేర్చుకుందామని. ఇది చేయడం తేలిక:

1. గుండ్రంగా తిరుగుతున్న పక్షిని ఒకదాన్ని ఎంచుకోవాలి.
2. సూర్యుడి వైపు ముఖం తిప్పినప్పుడు వాచ్ నొక్కాలి, మళ్ళీ అదే వైపు వచ్చినప్పుడు ఆపాలి. అది ఒక చుట్టు.
3. ఆ చుట్టులో ఎన్నిసార్లు అటూ ఇటూ ఒరిగిందో లెక్కపెట్టాలి.
4. రెక్కలు పైకి లేచి 'వి' ఆకారంలో ఉన్నాయా, పలకలా చదునుగా ఉన్నాయా రాయాలి.

31 టర్కీ వల్చర్లను కొలిచాను. చుట్టుకు సగటున 9 సెకన్లు. ప్రతి మూడు నాలుగు సెకన్లకోసారి, గాలిపటం దారం వదులైనట్టు, అటూ ఇటూ ఊగడం. అన్నిటికీ రెక్కలు 'వి'. కింద నుంచి చూస్తే రెక్క వెనక అంచు వెండిలా మెరుస్తుంది. కాండార్‌కు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఎదిగినదానికి తెలుపు రెక్క ముందు భాగంలో ఉంటుంది, వెనకంతా నలుపు. ఈ ఒక్క గుర్తు ముందే తెలిసుంటే మొదటి ప్రయాణంలో నాలుగు గంటలు మిగిలేవి.

ఆ రోజు ఇంకో తప్పు జరిగింది. నీడ కోసం ఒక రాంచ్ గేటు ముందు కారు ఆపి కూర్చున్నాం. పదకొండుకు పికప్ ట్రక్కు ఒకటి వచ్చి మా వెనకే ఆగింది. డెబ్బై ఏళ్ళుంటాయేమో, టోపీ పెట్టుకున్న పెద్దాయన దిగాడు. నాకు టెన్షన్. మా వాడైతే లంచ్ బాక్సు మూత పెట్టేశాడు, అదేదో నేరమైనట్టు.

"మీరు నా గేటుకు అడ్డం పెట్టారు. పశువుల ట్రక్కు రావాలి," అన్నాడు. క్షమించమని కారు తీశాం. అప్పుడు బైనాక్యులర్స్ చూసి, "ఏం చూస్తున్నారు?" అని అడిగాడు. కాండార్ అని చెప్పాను. నవ్వాడు. "పొద్దున్నే వచ్చి ఏం లాభం? గాలి వేడెక్కాలి కదా. పది దాటాక ఆ గట్టు వెంబడి వస్తాయి, వస్తే." చేత్తో చూపించిన గట్టు వైపు మేం అప్పటిదాకా వీపు పెట్టి కూర్చున్నాం.

ఇంకో పావుగంట మాట్లాడాడు. సీసం సంగతి నేనెత్తలేదు, ఆయనే ఎత్తాడు. కాండార్లను చంపుతున్న వాటిలో మొదటిది సీసమే. సీసపు తూటా జంతువు ఒంట్లో దూరగానే చిన్న చిన్న ముక్కలై మాంసమంతా చెదురుతుంది. ఆ కళేబరాన్ని తిన్న పక్షి కడుపులో ఆమ్లానికి అది కరిగి రక్తంలో కలుస్తుంది. కాండార్లు తిరిగే ప్రాంతంలో 2008 నుంచి, రాష్ట్రమంతటా 2019 జూలై 1 నుంచి వేటకు సీసం తూటాలు నిషేధం. "జింకకూ అడవి పందికీ రాగి తూటా సులువే. ఉడతలను కొట్టే పాయింట్ 22 చిన్న తుపాకీకి దొరకడమే కష్టం," అన్నాడు. ఉడతలంటే నేలలో బొరియలు తవ్వేవి. ఆ బొరియల్లో పశువుల కాళ్ళు పడతాయని రాంచ్‌ల వాళ్ళ భయం. కొట్టిన ఉడతను ఎవరూ ఏరరు, అక్కడే పడి ఉంటుంది.

నాకు కరీంనగర్ వైపు మా ఊరు గుర్తొచ్చింది. ఊరి బయట చచ్చిన బర్రెను పడేసే చోటు ఒకటి ఉండేది. నా చిన్నప్పుడు అక్కడ రాబందులు పంక్తి భోజనానికి కూర్చున్నట్టు కూర్చునేవి. నేను కాలేజీ దాటేసరికి ఒక్కటి లేదు. అక్కడ తూటా కాదు, పశువుకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్. మందు వేసిన పశువు చచ్చి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చచ్చేది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించేసరికి తెల్లవీపు రాబందులు దేశంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. రెండు చోట్లా దెబ్బ కళేబరం గుండానే వచ్చింది. చంపాలని ఎవరూ అనుకోలేదు.

మార్పులు: గేట్ల ముందు ఆపడం బంద్. రోడ్డు పక్క వెడల్పుగా ఉన్న చోటే, తెల్ల గీతకు పూర్తిగా బయట. కంచె మీద చెయ్యి కూడా వేయం. మొదలు పది గంటలకు.

లెక్క: 171 మైళ్ళు, 6 గంటలు. మొత్తం 359 మైళ్ళు, 11 గంటల 15 నిమిషాలు. కాండార్లు 0.

మూడో ప్రయాణం: అక్టోబరు చివరి శనివారం

పైసీనెస్ దగ్గర ఎడమకు తిరిగి పనోచే రోడ్డు మీదికి పోయాం. కొత్త చోటైతే కొత్త అదృష్టం అనుకున్నాను. అది తప్పు లెక్క. తెలిసిన గట్టును వదిలి తెలియని లోయలో 204 మైళ్ళ రోజు అయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు, మ్యాప్ ముందే దించుకోలేదు, ఒక మలుపు రెండుసార్లు తిరిగాం.

అయినా ఒకటి చూశాం. కంచెకు యాభై గజాల లోపల ఒక ఆవు అప్పుడే ఈనింది. దూడ ఇంకా తడిగా, ముందు కాళ్ళ మీద లేవబోయి బోర్లా పడుతోంది. ఆవు దాన్ని నాకుతోంది. మాయ పక్కన పడి ఉంది. ఏడు టర్కీ వల్చర్లు నేల మీద అర్ధచంద్రంలా నిలబడి ఎదురుచూస్తున్నాయి. ఆవు తల తిప్పితే రెండడుగులు వెనక్కి గెంతుతాయి, మళ్ళీ వస్తాయి. ఆవు దూడను తోసుకుంటూ ఇరవై అడుగులు పోయాక ఒకటి మాయ అంచు పట్టి లాగింది. దూడ జోలికి ఏదీ పోలేదు. మొదటిది వాలినప్పటి నుంచి ఏడోది వాలేదాకా 11 నిమిషాలు పట్టింది.

ఆ 11 నిమిషాలు నోట్‌బుక్‌లో రెండు గీతలు కొట్టి రాసుకున్నాను. కాండార్‌కు వాసన పట్టే శక్తి పెద్దగా లేదు. టర్కీ వల్చర్ వాసనతోనే కళేబరాన్ని కనిపెడుతుంది. కాండార్ కంటితో వెతుకుతుంది, టర్కీ వల్చర్లు ఎక్కడ దిగుతున్నాయో చూసి అక్కడికి వస్తుంది. నేను ఇన్నాళ్ళూ చిరాకుపడి వదిలేసిన పక్షులే అసలు దారి చూపేవి.

ఆ సాయంత్రం ఫోన్‌లో అమ్మకు చెబితే, "పీనుగుల మీద వాలే పక్షి కోసం ఇంత దూరం పోతవా బిడ్డా? ఇంటి మీద వాలితేనే శాంతి చేయించేటోళ్ళం," అంది. వివరించబోయాను. టాపిక్ మార్చేసింది.

లెక్క: 204 మైళ్ళు, 6 గంటల 30 నిమిషాలు. మొత్తం 563 మైళ్ళు, 17 గంటల 45 నిమిషాలు. కాండార్లు 0.

సరంజామా మార్పు

సెకండ్ హ్యాండ్ స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి చూసే దుర్భిణి), 65 ఎంఎం, 240 డాలర్లు. ఫోన్ బిగించే క్లిప్పు 18 డాలర్లు. ట్రైపాడ్ పాతదే, ఫోటోలకు కొన్న తేలికది. ఆ తేలికదనానికి తర్వాత అనుభవించాను. ఇంకో సంగతి: ఎండ తల మీదికి వచ్చాక స్కోపు 40 రెట్లలో పెడితే గాలి ఎండమావిలా వణుకుతుంది, పక్షి జెల్లీ ముద్దలా కనిపిస్తుంది. 20 రెట్లే మేలు.

నాలుగో ప్రయాణం: నవంబరు మొదటి ఆదివారం

పెద్దాయన చూపించిన గట్టుకు ఎదురుగా, రోడ్డు వెడల్పైన చోట. కుర్చీలు వేసుకుని ఏడు గంటలు కదలకూడదని ఒప్పందం. పద్ధతి:

1. ప్రతి పది నిమిషాలకు గట్టు అంచును ఎడమ నుంచి కుడికి ఒకసారి బైనాక్యులర్స్‌తో తుడవాలి.
2. టర్కీ వల్చర్లు నాలుగైదు ఒకే చోట దిగితే స్కోపు అటు తిప్పాలి.
3. ఊగని పక్షి కనబడితే వాచ్ నొక్కాలి. పేరు తర్వాత.

11:40కి బావమరిది, "బావా, ఆ విమానం చూడు, ఎంత కిందికి పోతోందో," అన్నాడు. సరేలే అని నేను గట్టు చూస్తూనే ఉన్నాను. కొంచెం ఆగి వాడే, "దీనికి చప్పుడు లేదేంటి?" అన్నాడు.

అప్పుడు తిరిగాను. రెక్కలు బల్లపరుపుగా, చివర ఈకలు చేతివేళ్ళలా విడిపోయి, కింద ముందు భాగంలో రెండు తెల్ల త్రికోణాలు. ఒక చుట్టు 16 సెకన్లు, రెండోది 17. ఊగడం సున్నా. వెనకే రెండోది వచ్చింది. రెండూ నాలుగు నిమిషాల్లో గట్టు దాటిపోయాయి.

నమ్మడానికి ఇంకో కొలత దొరికింది. ఒక రేవెన్, అంటే ఇక్కడి పెద్ద కాకి, మొదటిదాన్ని తరుముతూ దాని రెక్క పక్కకే వచ్చింది. రెండూ ఒకే దూరంలో ఉన్న ఫోటో ఒక్కటి పడింది. ఇంట్లో పిక్సెల్స్ కొలిచాను. కాకి రెక్కలు 91, పెద్దది 212. అంటే 2.33 రెట్లు. రేవెన్ దాదాపు నాలుగడుగులు. గుణిస్తే 9.3 అడుగులు. టర్కీ వల్చర్ అయ్యే అవకాశమే లేదు. గోల్డెన్ ఈగిల్, అంటే ఇక్కడి పెద్ద గద్ద, కూడా ఏడున్నర దాటదు. పైగా పిల్ల ఈగిల్‌కు తెలుపు రెక్క మధ్యలో, తోక మొదట్లో ఉంటుంది.

తప్పు: ఆ తెల్లవారుజామునే గడియారాలు ఒక గంట వెనక్కి పోయాయి. ఫోన్ తనంతట తాను మారింది, నా చేతి వాచ్ మారలేదు. నోట్సులో 12:40, ఫోటోలో 11:40. ఏది ఏ పక్షో జత చేయడానికి రాత్రి గంటన్నర పట్టింది. ఇప్పుడు మొదలుపెట్టగానే వాచ్ ముఖాన్ని ఫోన్‌తో ఒక ఫోటో తీస్తాను.

లెక్క: 166 మైళ్ళు, 7 గంటలు. మొత్తం 729 మైళ్ళు, 24 గంటల 45 నిమిషాలు. కాండార్లు 2. రెక్క మీది నంబరు ట్యాగ్ చదివినవి 0.

ఐదో ప్రయాణం: డిసెంబరు, పార్కు క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక రాత్రి

ఎగిరేది చూశాం, ఇక ట్యాగ్ చదవాలి. వదిలిన కాండార్లకు రెక్క మీద నంబరు ట్యాగ్, రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. పార్కు సిబ్బంది అప్పుడప్పుడు పట్టుకుని రక్తంలో సీసం పరీక్షిస్తారు, ఎక్కువుంటే మందు ఇచ్చి విరుగుడు చేస్తారు. ట్యాగ్ రంగు, అంకె రెండూ రాయాలి. ఒకటే రాస్తే పక్షి ఏదో తేలదు.

క్యాంప్‌గ్రౌండ్ తూర్పు గేటు వైపు ఉంది. పడమటి గేటు నుంచి కారు రోడ్డు లేదు, ఇది చూసుకోకుండా చాలామంది కొండకు అవతల చిక్కుకుంటారు. క్యాంప్‌గ్రౌండ్‌కు ఆగ్నేయంగా ఉన్న గట్టు మీద చెట్లలో కాండార్లు రాత్రి పడుకుంటాయి.

ఆదివారం పొద్దున నోట్సు ఇలా ఉంది. 7:40 గట్టుకు ఎండ తగిలింది. గ్రే పైన్ చెట్టు మీద ఐదు. 8:05 ఒకటి రెక్కలు పూర్తిగా విప్పి, తడి చీర ఆరేసినట్టు, ఎండకు పెట్టి నిలబడింది. 8:12కి మూడు అలాగే. రెండింటి తల నారింజ రంగు. ఒకటి తల ఇంకా నల్లగా ఉంది. అది చిన్నది, ఐదారేళ్ళు వస్తే గానీ రంగు మారదు. 10:20 దాకా ఏదీ ఎగరలేదు. పెద్దాయన చెప్పిన మాట నిమిషంతో సహా నిజమైంది.

ట్యాగ్ మాత్రం చదవలేకపోయాను. గాలికి తేలిక ట్రైపాడ్ వణికింది. వీడియో మొత్తం 340 ఫ్రేములు చూశాను, రంగు తెలిసింది, అంకె తెలీలేదు. మధ్యాహ్నం ట్రైపాడ్ మధ్య కొక్కానికి గ్యాలన్ నీళ్ళ డబ్బా వేలాడదీశాను, కాళ్ళు ఒక మెట్టు కురచ చేశాను. వణుకు సగానికి పైగా తగ్గింది. అప్పటికి చెట్టు ఖాళీ.

లెక్క: 180 మైళ్ళు, 11 గంటలు. మొత్తం 909 మైళ్ళు, 35 గంటల 45 నిమిషాలు. కాండార్లు 7. ట్యాగులు 0.

ఆరో ప్రయాణం: జనవరి మూడో శనివారం

వానలు పడి కొండలన్నీ పచ్చగా అయ్యాయి. 10:25కి రోడ్డుకు మూడు వందల గజాల లోపల టర్కీ వల్చర్లు దిగడం మొదలైంది. లెక్కపెడితే 14. చచ్చిన దూడ. మేం కారు ముందుకు పోనిచ్చి, వెడల్పున్న చోట ఆపి, నీళ్ళ డబ్బా కట్టి స్కోపు బిగించాం. 11:08కి మూడు కాండార్లు వాలాయి.

కానీ తినలేదు. దూడ మీద గోల్డెన్ ఈగిల్ ఒకటి కూర్చుని ఉంది. దానికంటే బరువున్న మూడు పక్షులు, కాండార్ ఒకటి ఎనిమిది నుంచి పదకొండు కిలోలు ఉంటుంది, నలభై నిమిషాలు పక్కన నిలబడ్డాయి. కారణం కాళ్ళు. ఈగిల్ గోళ్ళు గుచ్చి పట్టుకునేవి, కాండార్‌వి నడవడానికే. పెళ్ళిలో రెండో పంక్తి కోసం నిలబడ్డ పెద్దమనుషుల్లా ఒకటి రెక్క సర్దుకుంటోంది, ఒకటి గడ్డి పరక పీకి పడేస్తోంది. ఈగిల్ లేచిపోయాక పావుగంటలో మెడ కింది సంచి నిండి గులాబీ రంగు ఉల్లిపాయలా బయటికి ఉబ్బింది.

ట్యాగ్ ఈసారి చదివాను. దాదాపు. రంగు స్పష్టం, మొదటి అంకె స్పష్టం, రెండోది 6 గానీ 8 గానీ. బావమరిది 8 అన్నాడు. నేను 6 అన్నాను. 52 ఫ్రేముల్లో 30 చోట్ల ఈక ఒకటి సరిగ్గా అంకె మీదికే వచ్చింది. '6 లేదా 8' అనే నమోదు చేశాను.

సామాను సర్దుతుంటే ఆ పాత పికప్ వచ్చింది. ఈసారి మేం ఎవరి గేటుకూ అడ్డం లేం. ఆగలేదు గానీ వేగం తగ్గించి, అద్దం దించి, కంచె లోపలికి గడ్డం ఎగరేశాడు. మా వాడు మూడు వేళ్ళు చూపించాడు. ఆయన స్టీరింగ్ మీంచి నాలుగు వేళ్ళు లేపి పోయాడు. తిరిగి స్కోపు బిగించి ఇంకో అరగంట వెతికాం. మాకు మూడే కనిపించాయి.

లెక్క: 174 మైళ్ళు, 6 గంటల 15 నిమిషాలు. మొత్తం 1083 మైళ్ళు, 42 గంటలు. కాండార్లు 10. ట్యాగులు ఒకటికి కొంచెం తక్కువ.